ఆ ఒక్క ఈత

మా అమ్మ సంతాప సభలో ముందు వరసలో కూర్చుని, మాట్లాడిన ప్రతివాళ్ళ మాటనూ నేను అనుమానంగానే విన్నాను. ఆమె పనిచేసిన స్కూల్లోనే పెట్టారు సభ. హెడ్మాస్టారు, ఈతలో ఛాంపియన్ అన్నారు. సైన్సు టీచరు, పిల్లలంటే ప్రాణం పెట్టిన మనిషి అన్నారు. మూడో ఆయనెవరో ఆదర్శమాత అన్నాడు. అని, నేను తలూపుతానేమోనని నా వైపు చూశాడు. నేను ఊపలేదు. ఆ మూడు బిరుదుల్లో దేన్నీ నేను అప్పటిదాకా పూర్తిగా నమ్మలేదు.

నేను అనుమానప్పక్షిని. ఆ పేరు మా నాన్న పెట్టాడు, నాకు పదేళ్ళప్పుడు, పాలవాడు నీళ్ళు కలుపుతున్నాడని నేను గోరు మీద పాలచుక్క వేసి పరీక్షగా చూస్తుంటే. ఇప్పుడు నా ఉద్యోగమూ అదే. ఉక్కునగరం దగ్గర ఒక ల్యాబులో ఇనుప కమ్మీల ముక్కల్ని వంచి, విరిచి, కాగితం మీద రాసిన బలం నిజంగా ఉందో లేదో చూస్తాను. నీకు తగిన పనే దొరికిందని మా ఆయన వేళాకోళం చేస్తాడు. కానీ నేను అన్నిటికన్నా పెద్ద పరీక్ష పెట్టింది పాలకీ కాదు, ఇనుముకీ కాదు, మా అమ్మకి. ఆ సంగతి ఆ సభలో ఎవరికీ తెలియదు.

సభ చివర్లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచి స్కూలు పత్రిక చదివింది. కిందటేడు అమ్మ రిటైరైనప్పుడు ఆ పిల్లే మా ఇంటికి వచ్చి అమ్మని కొన్ని ప్రశ్నలు అడిగి రాసుకుందట. చివరి ప్రశ్న ఇది. మీరు ఈదిన ఈతల్లో మీకు అన్నిటికన్నా ఇష్టమైనది ఏది మేడమ్? దానికి అమ్మ ఇచ్చిన జవాబు ఆ పిల్ల ఉన్నదున్నట్టు చదివింది: "మా అత్తగారు లెక్కపెట్టినది. ఆవిడ లెక్కలో నాది ఒకటే ఈత."

జనం చిన్నగా నవ్వారు. రిటైరైన మనిషి ఏదో చమత్కారంగా అంది, ఏమిటో అర్థం కాకపోయినా పోయినామె కాబట్టి బాగుంది అన్నట్టు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కొట్టలేదు. మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, ఆనందపురం అవతల పల్లెలో గేదెల్ని మేపుకునే మనిషి. పుట్టి బుద్ధెరిగి ఒక్క ఈత పోటీ చూసిన పాపాన పోలేదు. ఆవిడ ఏ ఈత లెక్కపెట్టింది? పైగా "ఒక్క ఈత" అనే ఆ మాట మామ్మ నోటి నుంచి నేను చిన్నప్పుడు ఒకసారి విన్నాను. ఆ మాట పట్టుకుని మూడేళ్ళు అమ్మ వెనకాల పడి, చివరికి చెయ్యకూడని పని చేశాను.

మా ఇల్లు మల్కాపురంలో. నాన్న పోర్టులో క్రేన్ నడిపేవాడు. అమ్మ ఆడపిల్లల స్కూల్లో గేమ్స్ టీచరు, ఎండాకాలం పొద్దుటిపూట ఒక క్లబ్బు పూల్లో పిల్లలకి ఈత నేర్పేది. ఆమె నాన్న పోర్టు లాంచీలో పనిచేసేవాడు కాబట్టి నడక వచ్చిన కొత్తలోనే నీళ్ళలో పడేశాడట. ఆమె గెలిచినదంతా కప్ప ఈతలో. మా బీరువాలో పై అరలో కప్పులుండేవి, వాటి వెనకాల పేపరు కటింగు ఒకటి. అందులో రబ్బరు టోపీ, నీళ్ళద్దాలు పెట్టుకున్న అమ్మాయి ఉంది. ఆ టోపీ కింద ఎవరున్నా ఒకలాగే ఉంటారు. పేరు పక్కన పుట్టింటి ఇంటిపేరు. ఇది మా అమ్మే అని ఋజువేమిటని నేను చాలాసార్లు ఆ కటింగు తీసి చూశాను.

ఎందుకంటే మా అమ్మ నీళ్ళలో దిగడం నేను అప్పటికి ఒక్కసారి కూడా చూడలేదు. ఊళ్ళో సగంమంది పిల్లలకి ఈత నేర్పిన మనిషి, నాకూ నేర్పిన మనిషి, గట్టు మీద వెదురు కర్ర పట్టుకుని నిలబడే నేర్పేది. వేసుకునేది ఎప్పుడూ నల్లదో, ముదురు నీలమో పంజాబీ డ్రెస్సు. కాలి వేళ్ళు కూడా తడిసేవి కావు. అన్నిటికన్నా వింత ఏమిటంటే, ఆమె పూల్ వైపు చూసేది కాదు. నీళ్ళకి వీపు పెట్టి, కళ్ళు మూసుకుని, చప్పుడు వినేది. మూడో లైను, కుడికాలు బద్ధకం అనేది. ఐదో లైను, ఊపిరి దొంగతనం చేస్తున్నావు అనేది. ఎప్పుడూ తప్పయ్యేది కాదు. పిల్లల తల్లిదండ్రులు అబ్బురపడి చూసేవారు. నాకు మాత్రం, నీళ్ళంటే భయం లేకపోతే వీపెందుకు పెడుతుంది అనిపించేది.

ఇంకో నియమం ఉండేది ఆమెకి. పూల్లో దిగబోయే ప్రతి పిల్లా ముందు బాత్రూంకి వెళ్ళి రావాలి. తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినే పంపేది. నీళ్ళలో ఒంటికి పోస్తే నీళ్ళు ఎర్రగా మారిపోతాయని, ఎవరు పోశారో తనకి తెలిసిపోతుందని బెదిరించేది. అది అబద్ధమని నేను కనిపెట్టేశాను. ఎలా కనిపెట్టానో అడగకండి. అబద్ధం ఆడే మనిషి ఒక్క దాని దగ్గరే ఆగుతుందా అని నా అనుమానం ఇంకా ముదిరింది.

ఆమె దగ్గర ఒక జిప్పు సంచి ఉండేది, దానికి బుల్లి తాళం. స్కూలుకీ, పూలుకీ, పెళ్ళికీ, ఎక్కడికి వెళ్ళినా భుజాన ఉండాల్సిందే. బస్సులో సీటు దొరికినా కూర్చునేది కాదు. సినిమాకి వస్తే చివరి కుర్చీ కావాలనేది, సగంలో లేచి వెళ్ళిపోయేది. బట్టలు కొన్నిటిని దండెం మీద ఒక చీర కింద దాచి ఆరేసేది. స్కూల్లో పిల్లలకి తాడాట నేర్పేటప్పుడు తను గెంతేది కాదు, ఇంకో పిల్లని నిలబెట్టి చూపించేది. నాన్న నవ్వించే మనిషి. ఆయన ఏదైనా జోకు వేస్తే ఇల్లంతా పగలబడేది, అమ్మ మాత్రం పెదాలు బిగించి, కాలు మీద కాలు వేసుకుని గోడవైపు తిరిగేది. నవ్వుకి కూడా పిసినారితనం ఏమిటని నాకు కోపం వచ్చేది. వీటన్నిటినీ నేను లెక్కల నోటుపుస్తకం చివరి పేజీల్లో రాసి పెట్టుకున్నాను.

నాకు పదకొండేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో మామ్మ ఊరికి వెళ్ళాం. మధ్యాహ్నం పెరట్లో మామ్మ పక్కింటావిడతో గోడకి ఇటూ అటూ నిలబడి మాట్లాడుతోంది. నేను గడ్డిమేటు వెనకాల ఉన్నాను. మీ కోడలికి ఎన్నో కప్పులొచ్చీవంట గదా, ఇప్పుడు పోటీలకి ఎల్లదేటి అని ఆవిడ అడిగింది.

"కప్పులా, ఇంటి నిండా ఉన్నాయి," అంది మామ్మ. "ఆ ఒక్క ఈతతో అంతా పోనాది. గుంట దక్కింది, అదే సాలు. ఎక్కడా అనకే తల్లీ. దానికి తెలిస్తే కుమిలిపోద్ది."

గుంట అంటే మా వైపు ఆడపిల్ల. నా బుర్రకి ఒకటే అర్థమైంది. ఎక్కడో ఎప్పుడో ఒక ఈతలో మా అమ్మ అజాగ్రత్త వల్ల ఒక పిల్ల మునిగిపోబోయింది. చావు తప్పి బయటపడింది. అందుకే అమ్మని పోటీల్లోంచి తీసేశారు. అందుకే నీళ్ళంటే భయం. "దానికి తెలిస్తే" అన్నది అమ్మ గురించే అనుకున్నాను, మామ్మ నోట ఆ మాట వచ్చిందని తెలిస్తే అమ్మ కుమిలిపోతుందని. అంతా గొలుసులాగా కలిసిపోయింది. సంచి, నల్లబట్టలు, నవ్వకపోవడం, అన్నిటికీ ఆ మునిగిన పిల్లే జవాబు.

ఇక ఆ పిల్ల ఎవరా అని వెతకడం మొదలుపెట్టాను. పూలుకి వచ్చే పిల్లల్లో ఒకతెకి నుదుటి మీద మచ్చ ఉండేది. అమ్మ దాన్ని మిగతా వాళ్ళకన్నా ముద్దుగా చూసేదని నాకు తోచింది. ఒకరోజు అడిగేశాను, చిన్నప్పుడు నీళ్ళలో పడ్డావా అని. కాదు, మెట్ల మీద పడ్డానంది. నేను నమ్మలేదు. అమ్మ తన తల నిమిరినప్పుడల్లా నాకు కడుపు మండిపోయేది. ఆ దక్కిన గుంట మీద నాకు ఎంత అసూయ ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

పద్నాలుగో ఏడు వచ్చింది. ఈత క్యాంపు ఆఖరి రోజు తల్లిదండ్రుల్ని పిలిచి, కుర్చీలు వేసి, పిల్లల చేత ఈదించి చూపిస్తారు. బట్టలు మార్చుకునే గదిలో నాతోటి పిల్లలు ఇద్దరు మొదలుపెట్టారు. మీ అమ్మకి ఈతొచ్చేటి? ఎప్పుడైనా దిగిందేటి? ఊరికే కర్రట్టుకు తిరగడవేనా? అని నవ్వారు. మూడేళ్ళుగా నాలో నేను అడుక్కుంటున్న ప్రశ్న ఇంకొకరి నోట వినేసరికి సిగ్గుతో చచ్చిపోయాను. వాళ్ళ మీద రావాల్సిన కోపం అమ్మ మీద వచ్చింది.

బయటికి వచ్చేసరికి అమ్మ ఎప్పటిలాగే నీళ్ళకి వీపు పెట్టి, కళ్ళు మూసుకుని వింటోంది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. రెండు చేతులూ ఆమె భుజాల మీద పెట్టాను. ఆమె కళ్ళు తెరిచింది. తోసేశాను. వెనక్కి పడుతూ నన్నే చూసింది.

నీళ్ళు మూసుకున్నాయి. నల్ల చున్నీ ఒక్కటే పైకి తేలింది. ఎవరో కుర్చీలోంచి లేచారు. నేను గట్టు మీద కొయ్యబారిపోయి నిలబడ్డాను. మునిగిపోయింది, నా చేతులతో చంపేశాను అనుకున్నాను. అప్పుడు పూల్ అడుగున ఒక నల్లని నీడ సాగడం కనిపించింది. చేతులు ఒక్కసారి విచ్చుకుని, కాళ్ళు ఒక్కసారి ముడుచుకుని, మళ్ళీ సాగింది. బట్టలన్నీ ఒంటిమీద ఉండగా, ఒక్క ఊపిరితో, పూల్ ఆ చివరికి వెళ్ళి నిచ్చెన పట్టుకుని తల బయటపెట్టింది. కప్ప ఈతే. అంత అందమైన ఈత నేను తరవాత కూడా ఎక్కడా చూడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇదంతా ముందే అనుకుని చేసిన వేడుక అనుకున్నారు.

అమ్మ పైకి ఎక్కలేదు. నీళ్ళలోనే ఉండి, ఎవరూ దిగవద్దని, ఉన్నవాళ్ళు వెంటనే బయటికి రావాలని చెప్పింది. గొంతు టీచరు గొంతే, మొహం మాత్రం పాలిపోయింది. నన్ను పిలిచి సంచి తెమ్మంది. తెచ్చి ఇచ్చాను. అందరూ వెళ్ళాకగానీ ఎక్కలేదు. తరవాత నీళ్ళు చూసే మనిషిని పిలిచి బ్లీచింగ్ పౌడరు ఎక్కువ వేయించి, మూడు రోజులు పూల్ మూయమంది. కార్యక్రమం మధ్యలో ఆగిపోయింది. వచ్చినవాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళారు. నాకు బుద్ధి చెప్పడానికే ఇంత చేస్తోందని నేను అనుకున్నాను.

క్లబ్బువాళ్ళు కారణం అడిగారు. అమ్మ చెప్పలేదు. చెప్పకపోతే ఎలా అని ఇద్దరు పెద్దమనుషులు ఇంటికి కూడా వచ్చారు. తనకి కారణం ఉందని, అది చెప్పేది కాదని, కావాలంటే రేపటి నుంచి రానని అంది. మర్నాటి నుంచి వెళ్ళలేదు. ఇక ఆమె ఏ పూల్ గట్టు మీదా నిలబడలేదు. నేను తోసింది నీళ్ళలోకి కాదు, ఆ గట్టు మీద నుంచే.

ఆ సాయంత్రం నాకు ఇష్టమని వంజరం వేపుడు చేసింది. కొడుతుందని ఎదురుచూశాను. కొట్టలేదు. పళ్ళెం ముందు పెట్టి అడిగింది.

"ఎందుకు తోసీసేవే?"

"నీకు ఈత వచ్చో రాదో చూద్దామని," అన్నాను.

ఆమె నవ్వింది. పెదాలు బిగించలేకపోయింది, నవ్వు తన్నుకొచ్చేసింది. వెంటనే లేచి పరుగులాంటి నడకతో బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపలి నుంచి "వచ్చు" అంది. నేను చేప తింటూ, ఏడవడానికి వెళ్ళిందా, నవ్వడానికి వెళ్ళిందా అని చెవులు రిక్కించి విన్నాను. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

ఈత వచ్చని తేలింది. మరి ఎందుకు దిగదు? అడిగితే చెప్పదు. అనుమానం తీరలేదు సరికదా, ఇంకో మెట్టెక్కింది. పూల్ మానేశాక అమ్మ నెలకి ఒకటి రెండు ఆదివారాలు యారాడ తీరానికి వెళ్ళడం మొదలుపెట్టింది. చేపలు అక్కడ తాజాగా దొరుకుతాయట. చేపలు తెచ్చేది నిజమే. కానీ జడ తడిగా ఉండేది, పంజాబీ డ్రెస్సు అంచుల్లో ఇసుక ఉండేది. నాన్నని అడిగితే, చేపలు కొంటే ఇసుక అంటుకోదేటే అని మాట తప్పించాడు. ఆయనకి తెలుసని నాకు అప్పుడే తెలిసిపోయింది.

పదిహేడో ఏట ఒక ఆదివారం పొద్దున్న నేను తరవాతి బస్సెక్కి వెనకాలే వెళ్ళాను. కొండ దిగి, తీరం చివర రాళ్ళ దగ్గర సరుగుడు చెట్ల చాటున నిలబడ్డాను. అమ్మ సముద్రంలో ఉంది. అలలు విరిగే చోటు దాటి, ఒడ్డుకి సమాంతరంగా తాపీగా ఈదుతోంది. చేపలమ్మే ఆవిడ ఒకతె, అమ్మ వయసుదే, నడుము లోతు నీళ్ళలో నిలబడి కాపలాగా చూస్తూ ఏదో అంటోంది. అమ్మ ఒడ్డు వైపు వచ్చి, మెడ లోతులో నిలబడి, తల వెనక్కి వేసి పగలబడి నవ్వింది. ఆ నవ్వు నేనున్న చోటికి వినపడింది. నా పదిహేడేళ్ళలో మా ఇంట్లో ఎన్నడూ వినపడని నవ్వు. నేను అక్కడ నుంచి వచ్చేశాను. మా దగ్గర లేని సంతోషం ఈమెకి వేరే ఎక్కడో ఉంది, మేము ఈమెకి బరువు అనుకున్నాను. ఇంటికి వచ్చి ఆ రోజు చేప ముట్టలేదు. ఎందుకో అమ్మకి చెప్పలేదు.

తరవాత చదువు, ఉద్యోగం, పెళ్ళి. నా మనసులో అమ్మ ఎప్పుడూ తేలని కేసే. నాకు నొప్పులు వచ్చిన రోజు ఇంకా వింత చేసింది. ఏడెనిమిది గంటలు కూడా కాకుండానే డాక్టరమ్మ గదిలోకి దూరి గొడవ పెట్టుకుంది. అంతా బాగానే ఉంది, ఇంకా చూద్దాం అని ఆవిడంటే వినదు. "కోసి తీయండి, లాగొద్దు," అన్నదే అంటుంది. చివరికి నేను అలిసిపోయి సరేనన్నాను. ఆపరేషన్ చేసి కొడుకుని తీశారు. మామూలుగా కాన్పయ్యేదాన్ని, ఈమె వల్లే కోత పడిందని నేను మా ఆయన దగ్గర ఎన్నిసార్లు అన్నానో. అమ్మ దగ్గర కూడా ఒకసారి అన్నాను. నీకేం తెలుసు అని మాత్రం అంది.

కిందటి వానాకాలం ఆమెకి గుండె జబ్బు ముదిరి ఆసుపత్రిలో పడుకోబెట్టారు. లేచి తిరగకూడదని నర్సు మూత్రానికి గొట్టం పెట్టి సంచి తగిలించింది. ఎవరైనా దానికి చిరాకుపడతారు. అమ్మ మంచం మీద హాయిగా కాళ్ళు బారజాపి, "ఇదేదో బావుందే, ముందే ఉంటే బావుణ్ణు," అంది. నేను తెచ్చిన లేత నీలం చీర కట్టుకుంది, తెల్లది తెమ్మని కూడా అడిగింది. ఆ నాలుగు రోజులూ నాన్న జోకులు వేస్తుంటే దాచుకోకుండా నవ్వింది. నొప్పి దాస్తోందేమో, మాకోసం నటిస్తోందేమో అని నేను మొహంలోకి గుచ్చిగుచ్చి చూశాను. ఐదో రోజు వెళ్ళిపోయింది.

సభ అయిన తరవాతి ఆదివారం స్కూలు పత్రిక చేతిలో పట్టుకుని ఆనందపురం బస్సెక్కాను. మామ్మకి ఎనభై దాటాయి, చూపు తగ్గింది, గేదెల్ని మాత్రం వదల్లేదు. పశువుల శాలలో స్టూలు మీద కూర్చుని ఉంది. నేను అసలు మాట ఎలా ఎత్తాలా అని తచ్చాడుతూ, కట్టేసి ఉన్న గేదె గురించి అడిగాను. కడుపుతో ఉన్నట్టుంది కదా అని.

"పది రోజుల్లో ఈనేస్తాది," అంది మామ్మ. "ఇది మూడో ఈత. రెండో ఈతకి సానా కట్టపడ్డాది."

నేను గేదె వైపు చూశాను. మామ్మ వైపు చూశాను. ఈత. కుడితి తొట్టి అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బళ్ళో చదువుకుని, పోర్టు పక్కన పెరిగి, రోజూ పాకెట్ పాలు తాగే నాకు ఈత అంటే ఒకటే తెలుసు. ఈనడం తెలుసు, ఈత తెలుసు, రెండూ ఒకటేనని ఎప్పుడూ తట్టలేదు. గేదెల మధ్య బతికిన మామ్మకి ఆ మాట మనుషులకీ గేదెలకీ ఒకటే.

"మామ్మా, అమ్మది ఒక్క ఈత అనీదానివి," అన్నాను.

"నువ్వే గదేటే," అంది మామ్మ. అది పోయింది కదా, ఇంకా దాచడం ఎవరికోసం అనుకుందో ఏమో, నెమ్మదిగా చెప్పుకొచ్చింది. నాకోసం అమ్మ రెండు రోజులు నొప్పులు పడిందట. చివరికి ఇనుప చిమటాలు వేసి నన్ను లాగారట. తల్లీ పిల్లా దక్కారు గానీ, లోపల ఏదో తెగిపోయి, ఒంటికి ఆగడం పోయిందట. దగ్గినా, తుమ్మినా, గెంతినా, నవ్వినా బట్ట తడిసిపోయేదట. ఒక ఆపరేషన్ కూడా చేశారట, నిలవలేదట.

"పిల్లలు మింగీ నీళ్ళత్తా, అందులో నానెలా దిగుతాను, అనీది," అంది మామ్మ. "సంద్రానికయితే పరవాలేదు, దానికేటి తెలుస్తాది అని నవ్వీది. మీ నాన్నకీ నాకూ తప్ప ఎవులికీ తెలీదు. నీకు సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకుంది. గుంటకి తెలిస్తే తన వల్లే అనుకుని కుమిలిపోద్దత్తా, అంది."

ఆ దక్కిన గుంటని నేనే. మూడేళ్ళు పూల్ అంతా వెతికినది నా కోసమే. పద్నాలుగేళ్ళు వచ్చాక అమ్మని, ఎదురుగా నిలబడి, ఆమె ఇరవై మంది పిల్లల కోసం శుభ్రంగా కాపాడుకుంటున్న నీళ్ళలోకి, అందరూ చూస్తుండగా తోసిన పిల్లని కూడా నేనే. మామ్మ ముందు ఏడవకూడదనుకున్నాను. గేదె వైపు తిరిగి ఏడ్చాను.

నా బుద్ధి ఎలాంటిదో చూడండి. తిరుగు బస్సు ఇంకా ఆనందపురం జంక్షన్ దాటకముందే కొత్త అనుమానం పుట్టింది. ఇన్నేళ్ళూ ఆమె బీరువా పై అరలో కప్పుల్నీ, కింద నన్నూ చూసి ఎప్పుడైనా తూచిందా? నేను పుట్టకపోతే బాగుండేదని ఒక్కసారైనా అనుకుందా? అనుకుని ఉంటే తప్పు పట్టలేను. కానీ ఆ మాట అడగడానికి మనిషి లేదు. ఒళ్ళో ఉన్న పత్రిక తెరిచాను. ప్రశ్నలో "ఇష్టమైనది" అనే ఉంది. అచ్చులో మాటల్ని నేను నమ్మను. పిల్ల "మరిచిపోలేనిది" అని అడిగిందేమో, "కష్టమైనది" అని అడిగిందేమో, టీచరు దిద్దేటప్పుడు మార్చిందేమో. అలాంటివి కాగితాల మీద రోజూ చూస్తాను నేను.

హెడ్మాస్టారిని అడిగి ఆ పిల్ల ఇంటి నంబరు తీసుకుని ఫోన్ చేశాను. నువ్వు అమ్మని సరిగ్గా ఏమని అడిగావు, గుర్తుందా అన్నాను.

"ఇష్టమైన ఈత ఏటని అడిగేనండి," అంది. "రెండు సార్లు అడిగేను. మొదటిసారి సెప్పింది నాకు అర్థం కాలేదని. రెండు సార్లూ అదే సెప్పారండి."

"ఇంకేమీ అనలేదా?"

"లేదండి. రెండోసారి సెప్తా సెప్తా గట్టిగా నవ్వీసేరు. నవ్వి నవ్వి, ఉండమ్మా ఇప్పుడే వొస్తానని బేగి లోపలికి ఎల్లిపోయేరు. వొచ్చాక వేరే డ్రెస్సేసుకున్నారు. ఎందుకో నాకు తెలీదండి."

నాకు తెలుసమ్మా అని ఫోన్ పెట్టేశాను.